జపాన్‌లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నాను: రోజూ బడికి ఎలాంటి బ్యాగు తీసుకెళ్లాలి?

పానగల్లు పంతులమ్మ

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. పూర్తి చేసి, ఐదేళ్లుగా పట్టణంలోనే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. రాబోయే ఏప్రిల్‌లో, అంటే అక్కడ కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే నెలలో, జపాన్‌లోని సైతామాలో సహాయ భాషోపాధ్యాయురాలిగా చేరుతున్నాను. వారంలో మూడు రోజులు ఒక మాధ్యమిక పాఠశాలలోనూ, మిగిలిన రెండు రోజులు రెండు వేర్వేరు ప్రాథమిక పాఠశాలల్లోనూ పని ఉంటుందని, రైలు దిగిన తరువాత బడి దాకా సైకిల్ మీద వెళ్లవలసి ఉంటుందని తెలిపారు. వీసా పని, టికెట్ల పని ఒక కొలిక్కి వచ్చాయి. రోజూ బడికి తీసుకెళ్లే బ్యాగు విషయంలో మాత్రం ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, నాకు ఏదీ తేలడం లేదు.

ఇంతగా ఆలోచించడానికి కారణం ఉంది. నిరుడు వానాకాలంలో రెండు సెక్షన్ల పిల్లల జవాబు పత్రాలు రెక్సిన్ బ్యాగులో పెట్టుకొని ఇంటికి వస్తుండగా, క్లాక్ టవర్ దగ్గర భుజం పట్టీ కుట్టు ఊడిపోయి బ్యాగు నీళ్లలో పడింది. ఆ రాత్రి ఒక్కొక్క కాగితాన్ని ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆరుగురు పిల్లల రాత అలుక్కుపోయి చదవరాకుండా అయింది. వాళ్ల తప్పేమీ లేకుండా వాళ్లు మళ్లీ కూర్చొని పరీక్ష రాయవలసి వచ్చినందుకు నాకు కలిగిన బాధ ఇంకా పోలేదు.

హైదరాబాదుకు తీసుకెళ్లి ఆబిడ్స్‌లో మంచి తోలు బ్యాగు కొనిస్తానని మా బాపు అంటున్నారు. ఇది ఆయన చాలా ఇష్టంగా ఇవ్వాలనుకుంటున్న కానుక. వీపుకు తగిలించుకునే ల్యాప్‌టాప్ బ్యాగు చాలునని మా తమ్ముడు అంటున్నాడు. అక్కడికి వెళ్లాక కొనుక్కోవడమే మంచిదని స్నేహితురాలు చెబుతోంది. నేను పెట్టగలిగింది ₹5,000 వరకు. బ్యాగు తోలుదా, బట్టదా? భుజానికా, వీపుకా? ఎంత పెద్దది? ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాలమూరు ప్రవాసి

పంతులమ్మ గారికి ముందుగా అభినందనలు. మాది మహబూబ్‌నగర్. సైతామాకు ఆనుకొని ఉన్న గున్మాలో ఇదే ఉద్యోగం నాలుగేళ్లు చేసి తిరిగి వచ్చాను. మీరు బ్యాగు గురించి అడిగారు గాని, నేను ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఇక్కడి బడికి కుదిరిన బ్యాగు అక్కడ కుదరకపోవడానికి కారణం తోలా, బట్టా అన్నది కాదు; లోపల మోసే సామానే మారిపోతుంది.

ఇక్కడ మనం మోసేది పిల్లల నోటుపుస్తకాలు, జవాబు పత్రాలు. నేను పనిచేసిన బడుల్లో పిల్లల పేర్లు, మార్కులు ఉన్న కాగితాన్ని బడి గేటు దాటనిచ్చేవారు కాదు. దిద్దడమంతా ఉపాధ్యాయుల గదిలోనే జరిగేది. సొంత ల్యాప్‌టాప్‌ను బడి నెట్‌వర్కుకు కలపనివ్వలేదు కాబట్టి దాన్ని రెండో వారం నుంచే ఇంట్లో వదిలేశాను. కాబట్టి మీరు ఇప్పుడు మోస్తున్న బరువులో సగానికి పైగా అక్కడ ఉండకపోవచ్చు. దాని స్థానంలోకి బొమ్మల కార్డులు, వాటిని బోర్డుకు నిలబెట్టే అయస్కాంతాలు, ఆటలకు పాచికలు, స్టిక్కర్లు, లోపల వేసుకునే బూట్లు, గొడుగు, టిఫిన్ డబ్బా వస్తాయి. అక్కడి నల్లబల్లలు ఉక్కు రేకువి కాబట్టి అయస్కాంతం పట్టుకుంటుంది. నాలుగు అయస్కాంతాలు ఉంటే టేపుతో పని ఉండదు.

బూట్ల మాట కొంచెం వివరంగా చెప్పాలి. బడి గుమ్మంలో బయటి బూట్లు విప్పి, లోపల వేసుకునేవి వేరే తొడుక్కోవాలి. వాటిని ఉవాబాకి అంటారు. రోజూ ఒకే బడికి పోయేవారు అక్కడి అరలోనే వదిలి రావచ్చు. మీకు మూడు బడులు కాబట్టి, ఒక జత మాధ్యమిక పాఠశాలలో ఉంచినా, ఇంకొక జత ప్రాథమిక పాఠశాల రోజుల్లో మోయక తప్పదు. బూట్లూ కార్డులూ ఒకే అరలో పెడితే ఏం జరుగుతుందో నాకు మొదటి వర్షంలోనే తెలిసింది: ‘ఏనుగు’ కార్డు మీద పడిన బురద మచ్చ నాలుగేళ్లూ పోలేదు. బూట్లకు ప్రత్యేకంగా ఒక గుడ్డసంచి కుట్టించుకోండి, లేదా అడుగున వేరే అర ఉన్న బ్యాగు చూడండి.

కొలత గురించి ఒక్క మాట మనసులో ఉంచుకోండి. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. లామినేషన్ చేయిస్తే చుట్టూ అంచు పెరుగుతుంది. ప్లాస్టిక్ ఫైల్లో పెడితే ఇంకొంచెం. బ్యాగు లోపలి పొడవు 32 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కార్డుల మూలలు వంగిపోతాయి. దుకాణంలో చీటీ మీద రాసేది బయటి కొలత. అందుకని ఒక ఏ4 ప్లాస్టిక్ ఫైలు వెంట తీసుకెళ్లి, దాన్ని లోపల పెట్టి, జిప్పు పూర్తిగా వేసి చూడండి. నేను పనిచేసిన బడుల్లో పిల్లలకు పంచే కాగితాలు చాలావరకు బీ4, బీ5 కొలతల్లో ఉంటాయి. బీ4 పెద్దదే గాని, సగానికి మడిస్తే బీ5 అవుతుంది, ఏ4 ఫైల్లో పడుతుంది.

తరువాత, బ్యాగును ఎక్కడ పెడతామన్నది చూడాలి. రద్దీ రైల్లో వీపు బ్యాగు వీపునే ఉంచుకుంటే వెనుకవాళ్లకు తగులుతుంది; దాన్ని ముందుకు తిప్పుకుంటారు, లేదా చేతిలో పట్టుకుంటారు, పై అరలో పెడతారు. కార్యాలయాల్లో, ఇంటర్వ్యూల్లో బ్యాగును బల్ల మీద పెట్టడం మర్యాద కాదు. నేల తాకిన అడుగు బల్లను తాకకూడదన్నది వాళ్ల పద్ధతి. చెప్పులు విప్పి ఇంట్లోకి పోయే మనకు అది చెప్పకుండానే అర్థమవుతుంది. బ్యాగును కుర్చీ పక్కన నేల మీద నిలబెడతారు. అందుకే అక్కడి ఉద్యోగులు వాడే బ్యాగులు చాలావరకు ఆసరా లేకుండా తమంతట తాము నిలబడతాయి, అడుగున నాలుగు బుడిపెలు ఉంటాయి. దుకాణంలో ఖాళీ బ్యాగును నేల మీద పెట్టి చూడండి. కూలబడిపోతే దాన్ని వదిలేయండి.

సైకిల్ మీద ఒక చేత్తో గొడుగు పట్టుకొని తొక్కడం అక్కడ నిషిద్ధం. వాన కోటు వేసుకోవాలి. దాన్ని వాళ్లు ‘కప్పా’ అంటారు. మన కప్పుకోవడానికి దానికి చుట్టరికం లేదు, అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, అయినా నాకు మొదటి రోజే గుర్తుండిపోయింది. సైతామా వైపు జూన్ రెండో వారం ప్రాంతంలో మొదలయ్యే ముసురు జూలై మధ్య దాటేదాకా ఉంటుంది, సెప్టెంబరులో తుపాన్లు వస్తాయి. బ్యాగు మీద వేసే వాన తొడుగు తప్పకుండా ఉండాలి. ఎండ సంగతికొస్తే, సైతామాలోనే ఉన్న కుమగాయాలో 2018 జూలై 23న 41.1 డిగ్రీలు నమోదైంది. నల్లగొండ ఎండలు చూసిన మీకు ఆ అంకె కొత్తది కాకపోవచ్చు, కానీ అక్కడి వేసవిలో ఉక్క ఎక్కువ. వీపుకు అతుక్కునే వైపు గాలి ఆడే జాలీ ఉంటే చొక్కా తడిసిన మరకతో తరగతిలోకి పోవలసిన అవసరం ఉండదు.

ఇవన్నీ కలిపి చూస్తే, వీపుకు తగిలించుకోవడానికి పట్టీలూ, చేత్తో పట్టుకోవడానికి గట్టి పిడీ రెండూ ఉన్న, నిలువుగా నిలబడే, నలుపు లేదా ముదురు నీలం నైలాన్ బ్యాగు మీకు సరిపోతుంది. మొదటి వారంలో జరిగే ప్రారంభ సభకు ముదురు రంగు సూటుతో చేత్తో పట్టుకొని వెళ్లవచ్చు, మామూలు రోజుల్లో సైకిల్ మీద వీపున వేసుకోవచ్చు. ఇక్కడే కొనండి. అక్కడ మంచివి దొరుకుతాయి, సూపర్ మార్కెట్లలో కూడా అమ్ముతారు. అయితే దిగిన మొదటి వారంలో ఇల్లు, బ్యాంకు, ఫోను, మునిసిపల్ కార్యాలయం పనులతో దుకాణాలు తిరిగే తీరిక ఉండదు.

మిర్యాలగూడ బ్యాగుల మరమ్మతు

నేను ఇరవై రెండేళ్లుగా బ్యాగులు, సూటుకేసులు బాగుచేస్తున్నాను. మేడం గారి రెక్సిన్ బ్యాగు పట్టీ ఎందుకు ఊడిందో చూడకుండానే చెప్పగలను: పట్టీ కొనను అంచు కుట్టులో ఒక్క వరుసగా ఇరికించి ఉంటారు. నా దగ్గరికి వచ్చే బడి బ్యాగుల్లో ఎక్కువ ఈ దెబ్బ తిన్నవే. మంచి బ్యాగులో పట్టీ కొసను ఒక చదరంగా కుట్టి, ఆ చదరం లోపల మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులాగా మళ్లీ కుడతారు. బరువు ఒక్క వరుస దారం మీద పడకుండా ఆ చదరమంతా పంచుకుంటుంది. కొనేటప్పుడు బ్యాగును తిరగేసి ఈ ఇంటూ గుర్తు ఉందో లేదో చూడండి. పైన మెరుపు ఎంత ఉన్నా, ఇది లేకపోతే కొనవద్దు.

రెక్సిన్ అంటే తోలు కాదు, బట్ట మీద పూసిన ప్లాస్టిక్ పొర. అందులో ఈ మధ్య మెత్తగా, తోలులాగా కనిపించేవి పాలీయూరిథేన్ పూతవి. గాలిలోని తేమ ఆ పూతను లోలోపల విడగొడుతుంది. వాడకుండా బీరువాలో దాచిపెట్టినా కొన్నేళ్లకు పొట్టు పొట్టుగా రాలుతుంది. పాలమూరు సార్ చెప్పినంత ఉక్క ఉన్నచోట అది ఇంకా తొందరగా జరుగుతుంది. అసలు తోలుకు ఆ జబ్బు లేదు, కానీ తడిసినప్పుడు నీడన ఆరబెట్టాలి, అప్పుడప్పుడు క్రీము రాయాలి, ముసురులో మూసిపెడితే బూజు పడుతుంది. రోజూ వానలో సైకిల్ తొక్కే మనిషికి ఆ సేవ చేసే సమయం ఉండదు.

జిప్పు చూడటం చాలామందికి రాదు. రన్నర్ వెనుక వైపు 5, 8, 10 అని అంకె ఉంటుంది. మూసినప్పుడు పళ్ల వరుస వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లని అర్థం. పెద్ద అరకు 8 గాని 10 గాని ఉండాలి, ముందు జేబులకు 5 చాలు. జిప్పు వేసినా వెనకాల విచ్చుకుంటూ ఉంటే అందరూ పళ్లు పోయాయనుకుంటారు. చాలాసార్లు పోయేది పళ్లు కాదు, రన్నర్ నోరు వదులవుతుంది. రన్నర్ ఒక్కటి మారిస్తే జిప్పు మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మేడం గారు వెళ్లేముందు అదే అంకె రన్నర్లు రెండు కొని వెంట ఉంచుకుంటే మంచిది. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రుద్దండి, నూనె మాత్రం వేయకండి, దుమ్ము పడుతుంది.

ఇంకొక మాట: లోపలి అస్తరు లేత రంగుదై ఉండాలి. నల్లటి అస్తరులో నల్లటి పెన్ను, తాళంచెవి కనబడవు. ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్నా నమ్మి వానలో వదిలేయవద్దు. బట్టలోంచి నీళ్లు రాకపోయినా కుట్టు రంధ్రాల్లోంచి, జిప్పులోంచి వస్తాయి. మీ కార్డులను వేరే ప్లాస్టిక్ ఫైల్లో పెట్టండి.

పుట్టపాక మగ్గం

మాది నేతపని కుటుంబం. మరమ్మతు అన్న జిప్పు అంకె గురించి చెప్పారు, నేను బట్ట అంకె గురించి చెబుతాను, ఎందుకంటే దుకాణాల్లో 600 డెనియర్, 1000 డెనియర్ అని అమ్ముతున్నారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మా పట్టు పోగు 20, 22 డెనియర్లలో ఉంటుంది. నూలు నంబరు తెలిసినవారు ఇక్కడ పొరబడతారు: నూలులో నంబరు పెరిగితే పోగు సన్నబడుతుంది, డెనియర్‌లో నంబరు పెరిగితే పోగు లావవుతుంది. లావు పోగు గట్టిదే గాని బరువు కూడా ఎక్కువ. రోజూ ఐదారు కిలోలకు మించి మోయనివారికి 1000 డెనియర్ అవసరం లేదని నా అభిప్రాయం. అడుగు భాగం ఒక్కటి మందంగా ఉంటే చాలు, రాపిడి పడేది అక్కడే.

అక్కా, పెద్ద బ్యాగు నైలాన్‌దే తీసుకోండి. దానితోపాటు మడిస్తే గుప్పిట్లో పట్టే ఇక్కత్ నూలు సంచి ఒకటి పెట్టుకోండి. జపాన్‌లో కూడా పోగుకు ముందే ముడులు కట్టి రంగు అద్ది నేసే పద్ధతి ఉంది, దాన్ని కసురి అంటారు. క్యూషూ దీవిలోని కురుమే పట్టణం దానికి ప్రసిద్ధి. పోచంపల్లి సంచి చూసిన పెద్దవాళ్లకు అది ఏమిటో వెంటనే తెలుస్తుంది. పిల్లలకు ‘ఇది మా ఊరి బట్ట’ అని ఇంగ్లీషులో చెప్పే పాఠం మీ చేతిలోనే ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త: తడిపిన తెల్ల రుమాలుతో సంచిని ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే ముందు రెండు మూడు సార్లు విడిగా ఉతికి ఆరేసిన తరువాతే కాగితాలు అందులో పెట్టండి.

దేవరకొండ విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన వాడిని. పైన అందరూ మంచి మాటలే చెప్పారు, కానీ ఉపాధ్యాయురాలు పిల్లలలాగా వీపు సంచితో తరగతిలోకి వెళ్లడం నా మనసుకు ఎక్కడం లేదు. పిల్లలు మొదట చూసేది మన నడక, మన చేతిలో ఉన్నది. మొదటి నెల అయినా చేతి సంచితో వెళ్లడం మేలని నా సలహా. అలాగే బరువు విషయం: ఎంతో కాలం ఒకే భుజానికి సంచి వేసుకోవడం వల్ల నా కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. మీరు ఏది కొన్నా నింపిన తరువాత తూచి చూడండి. ఏ4 కాగితం మామూలుది, అంటే 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) రకం, ఒక్కొక్కటి 5 గ్రాములు. నలభై మంది పిల్లలవి నాలుగేసి కాగితాలంటే 800 గ్రాములు. కాగితం బరువును మనం ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాము.

పాలమూరు ప్రవాసి

మాస్టారు గారికి నమస్కారం. తరగతిలోకి వెళ్లే మాట మీద మీతో ఏకీభవిస్తున్నాను. నిజానికి అక్కడ బ్యాగు తరగతి గదిలోకి రానే రాదు. దాన్ని ఉపాధ్యాయుల గదిలో మన బల్ల దగ్గర ఉంచి, ఆ పాఠానికి కావలసిన వస్తువులు మాత్రం ఒక బుట్టలో గాని చిన్న సంచిలో గాని పెట్టుకొని వెళతాము. పుట్టపాక వారు చెప్పిన ఇక్కత్ సంచికి సరైన చోటు అదే, మీరు కోరిన హుందాతనం కూడా దానిలో ఉంది. అయితే సైకిల్ మీద మాత్రం వీపు పట్టీలు వదులుకోవద్దని పంతులమ్మ గారికి గట్టిగా చెబుతున్నాను. భుజానికి వేసుకున్న బ్యాగు మలుపు దగ్గర ముందుకు జారి హ్యాండిల్‌కు తగులుతుంది. నేను ఒకసారి అలాగే పడ్డాను.

పానగల్లు పంతులమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ప్రకాశం బజారుకు ఏ4 ఫైలు తీసుకొని వెళ్లాను. నాలుగు దుకాణాల్లో పదకొండు బ్యాగులు చూస్తే, ఖాళీగా నిలబడినవి మూడే, ఆ మూడింటిలో పట్టీకి ఇంటూ కుట్టు ఉన్నది ఒక్కటే. ముదురు నీలం రంగు, పెద్ద అరకు 8 నంబరు జిప్పు, లోపల బూడిద రంగు అస్తరు, ₹2,650. అదే తీసుకున్నాను. ఇంటికి వచ్చి, లామినేషన్ చేయించిన నలభై కార్డులు, బూట్లు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, గొడుగు, వాన కోటు అన్నీ పెట్టి పక్కింటి కిరాణా దుకాణంలో తూయించాను. కార్డులే 900 గ్రాముల దాకా ఉన్నాయి, నాకు నమ్మబుద్ధి కాలేదు. మొత్తం 5 కిలోల 300 గ్రాములు తూగింది. కార్డులను పాఠానికి కావలసిన పన్నెండుకు తగ్గించి, స్టీలు సీసా మార్చితే 4 కిలోల 400 గ్రాములకు వచ్చింది.

రెండు సందేహాలు మిగిలాయి. బడిలో పెట్టే భోజనంలో పంది మాంసం తరచుగా ఉంటుందని తెలిసి, డబ్బా తీసుకుపోవాలనుకుంటున్నాను. పులుసు కారకుండా దాన్ని ఎక్కడ పెట్టాలి? రెండోది, మా బాపు ఏమీ అనలేదు గాని, తోలు బ్యాగు వద్దన్నందుకు చిన్నబుచ్చుకున్నారని నాకు అర్థమవుతోంది. తోలుతో చేసింది ఏదైనా నాకు అక్కడ రోజూ పనికివచ్చేది ఉంటే చెప్పండి, అదే కొనివ్వమని అడుగుతాను.

పాలమూరు ప్రవాసి

డబ్బాను బూట్ల వైపు కాకుండా, బ్యాగు అడుగున నిటారుగా, నీళ్ల సీసా పక్కన పెట్టండి. పులుసు వద్దు, పులిహోర, వేపుడు, పొడి కూర తీసుకెళ్లండి. నాలుగేళ్లలో నాకు దొరికిన పరిష్కారం అదొక్కటే.

బాపు గారిని తోలు పర్సు అడగండి, మామూలు పర్సు కాదు. విమానాశ్రయంలో దిగగానే మీకు నివాస కార్డు ఇస్తారు. బ్యాంకు కార్డు కొలతలోనే ఉండే ఆ కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. లేకుండా దొరికితే 2 లక్షల యెన్ల వరకు జరిమానా వేయవచ్చు. అక్కడ అతి చిన్న నోటు 1,000 యెన్లది. అంతకు తక్కువ విలువ ఉన్నవన్నీ, 500 దాకా, నాణేలే. కాబట్టి నాణేలకు జిప్పు ఉన్న వెడల్పాటి అర, కార్డుకు విడిగా ఒక అర ఉన్నది చూడండి. అయస్కాంతం బొత్తాము ఉన్న పర్సు మాత్రం కొనవద్దు. ఆ పర్సులోనే పెట్టుకునే అక్కడి బ్యాంకు పాసుపుస్తకం వెనుక అయస్కాంత పట్టీ ఉంటుంది, అది పాడైతే యంత్రం పుస్తకాన్ని తీసుకోదు. నల్లబల్ల అయస్కాంతాలు పెట్టుకునే జేబుకు కూడా ఆ పుస్తకాన్ని దూరంగా ఉంచండి. నాది మొదటి నెలలోనే అలా పాడై, బ్యాంకులో వరుసలో నిలబడి కొత్తది తీసుకోవలసి వచ్చింది. ఆబిడ్స్‌కు బాపు గారితో కలిసే వెళ్లండి, పాసుపుస్తకం కొలతలో కత్తిరించిన అట్టముక్క ఒకటి జేబులో పెట్టుకొని.